దిగుడు రాకముందే గేరు

తల్లీ, నువ్వు కారు కొన్నావని మీ నాన్న చెప్పగానే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. మన ఇంట్లో స్టీరింగు పట్టిన మొదటి ఆడపిల్లవి నువ్వే. హోసూరులో ఉద్యోగం, సోగత్తూరులో ఇల్లు, సేలంలో మీ అక్క కాపురం. ఈ మూడు చోట్లకీ ఇక నీ అంతట నువ్వే తిరుగుతావు. పండగ రోజుల్లో బస్టాండులో పడిగాపులు పడే పని తప్పింది. మీ నాన్నకు లోపల బెదురుగానే ఉంది. నాకు బెదురు లేదు, నీ చేతి మీద నమ్మకం ఉంది. అయినా బతుకంతా లారీ సీట్లో గడిపినవాణ్ణి, కొండ దారి గురించి చెప్పవలసింది చెప్పకుండా ఊరుకుంటే నా మనసు ఒప్పుకోదు. డ్రైవింగ్ స్కూలులో క్లచ్చు నేర్చుకున్నావు, రివర్సు నేర్చుకున్నావు, ఎనిమిది వేయడం నేర్చుకున్నావు. కొండ దిగడం ఆ నాలుగు రోజుల్లో వచ్చే విద్య కాదు. దాన్ని పక్కన కూర్చుని ఒకరు చెప్పాలి, రెండోవారు శ్రద్ధగా వినాలి.

నువ్వు తిరగబోయే దారి సంగతి ముందు తెలుసుకో. ఈ 44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగర్‌లో మొదలై కన్యాకుమారిలో ఆగుతుంది. 3,700 కిలోమీటర్లకు పైగా పొడవు, దేశంలో దీనికంటే పొడవైన రోడ్డు లేదు. 2010లో నంబర్లు మార్చకముందు ఈ వైపు దారికి 7వ నంబరు ఉండేది, మా కాలం డ్రైవర్లు ఇప్పటికీ దాన్ని సెవెన్ అనే అంటారు. ఆదిలాబాదు, నిర్మల్, హైదరాబాదు, కర్నూలు, అనంతపురం, పెనుకొండ, అక్కణ్ణుంచి బెంగుళూరు, తర్వాత మన హోసూరు, శూలగిరి, కృష్ణగిరి, కావేరీపట్నం, కారిమంగలం, ధర్మపురి. తెలుగునేలను నిలువునా చీల్చుకుంటూ వచ్చి మన ఊరి దగ్గర్నుంచే దక్షిణానికి సాగిపోతుంది. నీ కారు పక్కన నడిచే లారీ హోసూరులో బయల్దేరినది కాదమ్మా. అది నాగపూరులో లోడెక్కి ఉండవచ్చు, కొచ్చికి పోతూ ఉండవచ్చు. ఆ డ్రైవరు ఎప్పుడు తిన్నాడో, ఎప్పుడు కన్ను మూశాడో నీకు తెలియదు. మన కొండ ఎక్కడ మొదలవుతుందో అతనికీ తెలియదు.

ఇంకో సంగతి చూడు. బెంగుళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉంది. సేలం 300 మీటర్ల లోపే. అంటే బెంగుళూరు వదిలినప్పటి నుంచి సేలం చేరేదాకా రోడ్డు మొత్తం మీద కిందికే దిగుతోంది, మధ్యలో కొన్ని మిట్టలు వచ్చినా సరే. ఆ దిగుడులో పెద్ద మెట్టు మన తొప్పూరు కనుమ. ధర్మపురి దాటి, నల్లంపల్లి దాటి, పాళయం టోల్‌గేటు దాటాక అది మొదలవుతుంది. జంట వంతెనల దాకా, ఆపైన తొప్పూరు దాకా దిగుతూనే ఉంటుంది.

ఈ కనుమ మోసం ఏమిటంటే, చూడటానికి కనుమలా ఉండదు. తిరుమల ఘాటులో మలుపు మలుపుకీ కొండ నీకు ఎదురొచ్చి నిలబడుతుంది, కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది. ఇక్కడ అలా కాదు. నాలుగు వరసల దారి, మధ్యలో డివైడరు, నున్నటి తారు. మలుపులు ఉన్నాయి, కానీ వెడల్పుగా ఉన్నాయి. ఎనభైలో పోతున్న బండి తొంభైకి, తొంభైలో పోతున్నది నూటపదికి చేరినా లోపల కూర్చున్నవారికి తేడా తెలియదు. స్పీడోమీటరు ముల్లు చూస్తేనే తెలుస్తుంది. ఆ వేగంతో వంతెన దగ్గరి మలుపుకి వచ్చాక తెలిసి లాభం లేదు.

అందుకని నీకు చెప్పే పెద్ద మాట ఇదీ: కొండ దిగడం గురించి కొండ మీద ఉండగానే తేల్చుకో. టోల్‌గేటు దాటి వేగం అందుకోకముందే మూడో గేరులో ఉండు. ముల్లు నలభై, నలభై అయిదు దాటుతుంటే రెండుకి దించు. యాక్సిలరేటరు మీంచి కాలు తీసెయ్యి. ఇంజను గుర్రుమంటుంది, ఆ శబ్దానికి కంగారు పడకు, అది బండిని పట్టి ఉంచుతున్న శబ్దం. బ్రేకును మధ్య మధ్య గట్టిగా ఒకసారి తొక్కి వేగం తగ్గించి మళ్ళీ వదిలెయ్యి. కాలు దాని మీదే ఆనించి ఉంచకు. మా గురువు ఒకటే చెప్పేవాడు, కొండను ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాలని. లోడు బండి అయితే ఇంకో గేరు కిందికే.

ఇది ఎందుకో కూడా తెలుసుకో, తెలిస్తేనే చెయ్యి మరవదు. నలభై టన్నుల లారీ నిలువు లెక్కన 100 మీటర్లు కిందికి దిగిందనుకో. అది వదిలే శక్తిని కరెంటు మీటరు భాషలో చెప్పాలంటే దాదాపు 11 యూనిట్లు. మన ఇంట్లో రెండు రోజులు ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్జు అన్నీ నడిచే కరెంటు అది. గేరులో ఉంటే అందులో మంచి భాగాన్ని ఇంజను మింగుతుంది. న్యూట్రల్‌లో ఉంటే అదంతా కొద్ది నిమిషాల్లో బ్రేకు డ్రమ్ముల్లోకి వేడిగా పోవాలి. డ్రమ్ము పొయ్యి మీది పెనంలా కాలిపోతుంది. లైనరు పట్టు వదిలేస్తుంది. ఎంత తొక్కినా బండి ఆగదు. గాబరాలో మళ్ళీ మళ్ళీ తొక్కితే లారీలో గాలి టాంకు ఖాళీ అవుతూ పోతుంది, గేజి ముల్లు పడిపోతుంది, బజరు అరుస్తుంది. అప్పుడు డ్రైవరుకి గేరు గుర్తొస్తుంది. కానీ బండి అంత వేగం అందుకున్నాక గేరు పడదమ్మా. రాడ్డును ఎంత తోసినా పళ్ళు గరగరలాడతాయి తప్ప లోపలికి పోదు. దిగుడు రాకముందు రెండు వేళ్ళతో పడే గేరు దిగుడు మధ్యలో రెండు చేతులతో కూడా పడదు.

మరి తెలిసి తెలిసి న్యూట్రల్ ఎందుకు వేస్తారు అంటావు. డీజిల్ కోసం. చాలాచోట్ల యజమాని ట్రిప్పుకి ఇంత డీజిలని లెక్క కట్టి ఇస్తాడు. మిగిలితే డ్రైవరుకి నాలుగు డబ్బులు, తగ్గితే బత్తాలోంచి కోత. బత్తా డబ్బుతోనే పిల్లల ఫీజు కట్టాలి. అలాంటివాడికి కనుమ దిగుడు ఉచితంగా వచ్చిన కిలోమీటర్లలా కనిపిస్తుంది. నాకు ఆ డ్రైవర్ల మీద కోపం రాదు, ఆ లెక్క కట్టినవాళ్ళ మీద వస్తుంది. పైగా ఆ లెక్కే తప్పు. బండి గేరులో ఉండి యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే ఇంజనును చక్రాలే తిప్పుతాయి, పంపు డీజిల్ పోయడం మానేస్తుంది. న్యూట్రల్‌లో పెడితే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ తాగుతూనే ఉంటుంది. అంటే గేరులో దిగేవాడికే డీజిల్ మిగులుతుంది. ఈ ఒక్క మాట ప్రతి లారీ ఆఫీసు గోడ మీదా రాసిపెట్టాలని నా కోరిక. నీ కారుకి కూడా ఇదే వర్తిస్తుంది. పెట్రోలు ఆదా అని ఎవరైనా స్నేహితులు న్యూట్రల్ సలహా ఇస్తే వినకు. ఇంజను ఆపేసి దిగడం ఇంకా ఘోరం. పవర్ స్టీరింగు బిగుసుకుపోతుంది, బ్రేకుకి సాయం చేసే వ్యాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్ళకే అయిపోతుంది.

2020 డిసెంబరు 12న ఏం జరిగిందో నీకు గుర్తుండే ఉంటుంది. కనుమలో అంతకుముందే ఒక ప్రమాదం జరిగి బండ్లు వరసకట్టి మెల్లగా కదులుతున్నాయి. వెనక నుంచి వచ్చిన లారీ అదుపు తప్పి ఆ వరసలోకి దూసుకుపోయింది. డజనుకు పైగా బండ్లు నుజ్జయ్యాయి, నలుగురు ప్రాణాలు పోయాయి. మళ్ళీ 2024 జనవరి 24న వంతెన మీద లారీలు ఢీకొని, మధ్యలో కారు చిక్కి, ఒక లారీ కిందికి పడిపోయింది. ఆ వీడియో దేశమంతా చూసింది. కనుమ మీదుగా 6.6 కిలోమీటర్ల ఎత్తు దారి వేసే పథకం వచ్చింది. ఆ దారి రావాలి, తొందరగా రావాలి. ఆ దారిలోనూ గేరు వేసుకునే దిగాలి.

2020 నాటి దాంట్లో కారువాళ్ళు నేర్చుకోవలసింది ఒకటుంది. చనిపోయినవారు వేగంగా పోయినవారు కాదు, నిదానంగా వరసలో ఉన్నవారు. కాబట్టి నీ బండిని నువ్వు అదుపులో పెట్టుకుంటే చాలదు, నీ వెనక ఏం వస్తోందో నీకు తెలియాలి. కనుమలో ముందు అద్దంలో ఎంతసేపు చూస్తావో వెనక అద్దంలోనూ దాదాపు అంతసేపు చూడు. ముందు బండ్లు ఆగినట్టు కనిపిస్తే వెంటనే నాలుగు ఇండికేటర్లూ వెయ్యి. ముందున్న బండికి అంటుకుని ఆగకు. ఒక లారీ పట్టేంత ఖాళీ వదిలి, చక్రాలు కాస్త ఎడమకి తిప్పి ఆగు, నీ వెనక మరో రెండు మూడు బండ్లు వచ్చి ఆగేదాకా అద్దంలోంచి చూపు తియ్యకు. ఏదైనా తేడా వస్తే పక్కకి తప్పుకోవడానికి ఆ ఖాళీయే నీకు దారి. టోల్‌గేటు దగ్గరే ముందు జామ్ ఉందని తెలిస్తే అక్కడే పక్కకి పెట్టి టీ తాగు. అరగంట ఆలస్యమైతే మీ అక్క ఏమీ అనుకోదు.

బ్రేకు పోయిన లారీని గుర్తుపట్టడం నేర్చుకో. చక్రాల దగ్గర నీలం రంగు పొగ, కాలిన లైనరు వాసన. ఆ వాసన ఒకసారి పీల్చినవారు మరవరు. పక్కన పోతున్న లారీ నుంచి ఆ వాసన వచ్చిందంటే దాని ముందుకి పోకు, వెనకే ఉండిపో. ఇక వెనక నుంచి ఒక లారీ ఆపకుండా హారన్ కొడుతూ, లైట్లు ఆర్పి వెలిగిస్తూ మీదికి వస్తుంటే చాలామంది కారువాళ్ళు రోషపడతారు. ఏం తొందర వీడికి అని కావాలనే నెమ్మదిస్తారు. కనుమలో అది పొగరు కాదు తల్లీ. దారి ఇవ్వండి, నా చేతిలో బ్రేకు లేదని అతను పెడుతున్న గోడు. లారీకి మాట్లాడటానికి హారన్ తప్ప ఇంకేముంది? వెంటనే ఎడమ అంచుకి జరిగిపో. అతను పోయాక నీ గుండె కాసేపు దడదడలాడుతుంది, మెల్లగా బయల్దేరు.

మామూలు రోజుల్లో కూడా లారీ పక్కన ఎక్కువసేపు ఉండకు. క్యాబిన్‌లో కూర్చున్నవాడికి ఎడమ తలుపు కింద ఉన్న కారు కనబడదు, బంపరుకి ఆనుకుని ఉన్నదీ కనబడదు. అతని అద్దంలో నీకు అతని ముఖం కనిపిస్తేనే నువ్వు అతనికి కనిపిస్తున్నట్టు. దాటాలనుకుంటే కుడి నుంచి ఒక్క ఊపులో దాటెయ్యి, దాటగానే అతని ముందు బ్రేకు తొక్కకు. రెండు లోడు బండ్ల మధ్య ఇరుక్కుని కనుమ దిగడం అసలే వద్దు. ఒకదాన్ని ముందుకి పోనీ.

నీది పాత కారు కదా, ఒక పని తప్పక చేయించు. బ్రేకాయిలు మార్పించు. అది గాల్లోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకుండా తట్టుకోవాలి, తేమ పట్టాక ఆ పరిమితి 140కి దిగిపోతుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి, పెడలు మెత్తగా నేల దాకా పోతుంది, బండి ఆగదు. ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ ఈ లోపం బయటపడదు, కనుమలోనే బయటపడుతుంది. రెండేళ్ళకోసారి మార్పిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. ప్యాడ్లు, టైర్ల గాలి, వైపర్లు ఎలాగూ చూసుకుంటావు. మీ ఆఫీసువాళ్ళు చెప్తున్నట్టు రేపు ఆటోమేటిక్ బండి కొన్నా డి లోనే పెట్టి దిగకు, అందులోనూ కింది గేరు పట్టి ఉంచే మార్గం ఉంటుంది, దాన్ని తెలుసుకుని వాడు. కరెంటు కారు అయితే మోటారే బండిని పట్టి బాటరీకి కరెంటు పంపుతుంది, చాలా మంచి ఏర్పాటు. కాకపోతే బాటరీ నిండుగా ఉంటే ఆ పట్టు తగ్గుతుంది. కొండ మీద బాటరీ పూర్తిగా నింపుకుని వెంటనే కనుమ దిగే పని పెట్టుకోకు.

ఒకవేళ దిగుడులో నీ బ్రేకే మెత్తబడిందనుకో. అలా కాకూడదు, అయినా తెలిసి ఉండాలి. పెడలును గబగబా కొట్టు, కొంత పట్టు తిరిగి రావచ్చు. గేరును ఒక్కొక్కటే కిందికి దించు. హ్యాండ్ బ్రేకును బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగు, ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు బిగిసి బండి తిరిగిపోతుంది. తాళం తియ్యకు, స్టీరింగు లాకు పడుతుంది. హారన్ కొడుతూనే ఉండు. చివరికి ఏదీ పనిచేయకపోతే ఎడమ అంచున ఉన్న ఇనుప కమ్మీకో మట్టిగట్టుకో బండిని రాసుకుంటూ పోనివ్వు. రంగు పోతుంది, డోరు పోతుంది. పోనీ. బండి మళ్ళీ వస్తుంది.

పూర్వం బారామహల్ అనే మన ఈ సీమ నుంచి సేలం మైదానానికి దిగే ఎద్దుబండ్లకీ ఈ కనుమే దారి. అప్పటి బండివాళ్ళు కూడా దిగుడు మొదట్లోనే బండి ఆపి చక్రానికి కర్ర బిగించి దింపేవారని పెద్దలు చెప్పేవారు. ఎద్దుల మెడ మీద భారం పడకుండా చక్రాన్నే పట్టి ఉంచే ఉపాయం అది. నేను చెప్పే గేరు సంగతి కొత్తదేమీ కాదు.

తెలుగునేల మీద కనుమలు మిగిల్చిన దుఃఖం కూడా తక్కువది కాదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాటులో క్రిక్కిరిసిన బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. అందులో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెలవాళ్ళే. 2022 మార్చిలో భాకరాపేట ఘాటులో నిశ్చితార్థానికి బయల్దేరిన పెళ్ళివారి బస్సు పడిపోయింది. 2024 సెప్టెంబరులో పలమనేరు దారిలో మొగిలి ఘాటు దగ్గర లారీ, బస్సు గుద్దుకున్నాయి. ఇవి నేను నిన్ను భయపెట్టడానికి చెప్పడం లేదు. ప్రతి పేపరూ మర్నాడు బ్రేకులు ఫెయిలయ్యాయని ఒక్క ముక్కలో రాసి ఊరుకుంటుంది. బ్రేకు ఫెయిలవడానికి ముందు ఏం జరిగిందో, పైన ఉండగా ఏం చేయలేదో ఎవరూ అడగరు. నువ్వు అడిగే మనిషివి కావాలి.

ఆడి పద్దెనిమిది పండగకి అందరినీ హొగెనకల్ తీసుకుపోతానన్నావట. సంతోషం. ఆ దారి వేరే రకం. పెన్నాగరం దాటాక అడవిలోంచి మెలికలు తిరుగుతూ కావేరి దగ్గరికి దిగుతుంది. అక్కడ డివైడరు లేదు, ఎదురుబండి నీ ముఖం మీదికే వస్తుంది. మలుపు అవతల ఏముందో కనబడనంతసేపు నీ ఎడమను నువ్వు వదలకు, మలుపుకి ముందే హారన్ కొట్టు, రాత్రయితే డిప్పర్ ఇవ్వు. మలుపులో ఎవరినీ దాటకు, ముందున్నది ట్రాక్టరైనా సరే. దారి ఇరుకైన చోట ఎక్కే బండికే మొదటి హక్కు, చట్టమూ అదే చెబుతుంది. ఎందుకంటే లోడుతో ఎక్కుతున్నవాడు ఆగితే మళ్ళీ కదలడం కష్టం, వెనక్కి జారే ప్రమాదం ఉంది. దిగేదానివి నువ్వే ఆగు. సాయంత్రం చీకటి పడకముందే తిరిగి పెన్నాగరం చేరుకో. అది ఏనుగులు తిరిగే అడవి. ఏనుగు కనబడితే దూరంగా ఆగు, హారన్ కొట్టకు, దిగి ఫోటోలు తీయకు, లోపలున్న పిల్లల్ని కేకలు వేయనివ్వకు. అది తన దారిన తాను దాటిపోతుంది.

వానకాలం గురించి ఒక మాట. చాన్నాళ్ళు ఎండి ఉన్న రోడ్డు మీద పడే మొదటి వాన అన్నిటికంటే ప్రమాదం. తారు మీది నూనె, దుమ్ము కలిసి జారుడుగా తయారవుతుంది. గంటసేపు బాగా కురిసి కడిగేశాక కొంత నయం. వానలో మలుపు మధ్యలో బ్రేకు తొక్కకు, ముందే వేగం తగ్గించుకుని మలుపులోకి పో. మార్గశిరం, పుష్యం నెలల్లో తెల్లవారుజామున మంచు పడితే హై బీమ్ వెయ్యకు, అది నీ కళ్ళల్లోకే తిరిగొస్తుంది.

నిద్ర సంగతి మాత్రం నేను కాస్త గట్టిగానే చెబుతాను. శుక్రవారం రాత్రి షిఫ్టు దిగి నేరుగా ఇంటికి బయల్దేరకు. రాత్రి రెండు నుంచి అయిదు దాకా ఎంత గట్టి మనిషినైనా నిద్ర ముంచేస్తుంది. పాటలు పెట్టుకున్నా, అద్దం దించినా, చూయింగ్ గమ్ నమిలినా అవి అయిదు నిమిషాల మందులు. కళ్ళు తెరిచే ఉంటాయి, మెదడు పడుకుంటుంది. దాటిపోయిన ఊరు గుర్తులేదంటే, లేదా ముల్లు ఎంత మీద ఉందో చూడక చాలాసేపయిందంటే నువ్వు అప్పటికే ఒకసారి నిద్రపోయావని అర్థం. పెట్రోలు బంకులోకి తిప్పి, దీపాలున్న చోట ఆపి, తలుపులు లాక్ చేసుకుని ఇరవై నిమిషాలు పడుకో. రోడ్డు అంచున మాత్రం ఆపకు. నిద్రమత్తులో ఉన్న ఇంకో డ్రైవరు వెలిగే ఎర్ర దీపాన్ని కదిలే బండి అనుకుని దాని వెనకే వచ్చేస్తాడు. బండి చెడి ఆగవలసి వచ్చినా అంతే. కారులో కూర్చోకు. త్రికోణం బోర్డును చాలా వెనకగా, మలుపు ఉంటే మలుపుకి ఇవతలే పెట్టి, కమ్మీ దాటి అవతల నిలబడు. హైవే సాయానికి 1033, ఆంబులెన్సుకి 108.

ఎవరికైనా దెబ్బ తగిలి పడి ఉంటే చూసీ చూడనట్టు పోకు తల్లీ. పోలీసు కేసు, కోర్టు అని ఇదివరకు జనం వెనకాడేవారు. ఇప్పుడు ఆ భయం అక్కర్లేదు. సాయం చేసినవాళ్ళ మీద కేసు పెట్టకూడదని 2019లో మోటారు వాహనాల చట్టంలోనే చేర్చారు. ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పక్కర్లేదు. మన తమిళనాడులో 2021 డిసెంబరు నుంచి, ఏ రాష్ట్రంవారైనా సరే, ప్రమాదం జరిగిన మొదటి 48 గంటల చికిత్సకు జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో ప్రభుత్వమే ఖర్చు పెట్టుకుంటోంది. 2025 నుంచి కేంద్రం కూడా దేశమంతటా ఏడు రోజుల దాకా లక్షన్నర వరకు నగదు లేని చికిత్స పథకం తెచ్చింది. దెబ్బ తగిలిన మనిషి బీహారువాడైనా కర్నూలువాడైనా అతని కోసం ఒక ఇల్లు ఎదురుచూస్తోంది. డబ్బు లేదని చికిత్స ఆగనక్కర్లేదని ఆ క్షణంలో చెప్పేవాళ్ళు ఒకరు కావాలి. ముందు నీ బండిని భద్రంగా దూరంగా పెట్టి, 108కి చెప్పి, వెనక వచ్చే బండ్లను హెచ్చరించు. మెడ, వెన్ను దెబ్బ తిన్నవారిని నిప్పో పొగో ఉంటే తప్ప లాగి కదిలించకు. నీళ్ళు తాగించకు.

హోసూరు నుంచి రావడానికి కృష్ణగిరి దారి పడతావో, రాయకోట, పాలక్కోడు దారి పడతావో నీ ఇష్టం. రాయకోట వైపు అయితే టమోటా బండ్లు, ట్రాక్టర్లు, తప్పు వైపున ఎదురొచ్చే మోపెడ్లు ఉంటాయి, అక్కడ ఓపిక కావాలి. మన సోగత్తూరు చుట్టుపక్కల మలుపుల్లో పొద్దునపూట పాల క్యాన్ల బండ్లు, బడి పిల్లల సైకిళ్ళు అడ్డం వస్తాయి. నూరు కిలోమీటర్లు జాగ్రత్తగా వచ్చినవారు ఇల్లు కనబడగానే కాలు వదులు చేస్తారు, నువ్వు చేయకు.

తొప్పూరు మాత్రం మొదటిసారి ఒంటరిగా దిగవద్దు. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి ఇద్దరం బయల్దేరదాం, ఆ వేళకి వెలుతురు ఉంటుంది, రద్దీ ఉండదు. టోల్‌గేటు దాటాక ఎక్కడ మూడో గేరులోకి రావాలో, ఎక్కడ రెండుకి దించాలో, వంతెన కంటే ఎంత ముందు వేగం తగ్గాలో నేను పక్క సీట్లో కూర్చుని చూపిస్తాను. తొప్పూరు దగ్గర తిప్పుకుని మళ్ళీ పైకెక్కి, ఈసారి నేను నోరు విప్పకుండా కూర్చుంటాను, నువ్వే దించు. ఈలోగా మెకానిక్కు దగ్గరికి వెళ్ళి బ్రేకాయిలు మార్పించు. రసీదు నాకు చూపించాకే బండి కదులుతుంది.